పనిముట్టు మీద ఎవరి పేరు?

హైదరాబాదులో జుమేరాత్ బజారు అని ఒక సంత వుంది. జుమేరాత్ అంటే గురువారం. ఆ రోజున పాత సామాను అమ్మేవాళ్ళు గోనెపట్టాలు పరిచి, నగరంలో ఎవరికీ అక్కర్లేకుండాపోయిన వస్తువులన్నీ కుప్పలు పోస్తారు. విరిగిన కుళాయిలు, ఫాను రెక్కలు, చెవులు లేని తాళాలు, తాళాలు లేని చెవులు. వీటి మధ్య తుప్పుపట్టిన పనిముట్లు కూడా వుంటాయి. ఉలులు, సుత్తులు, ఆకురాళ్ళు, పట్టకార్లు, పిడి వూడిన బాడిశెలు, పళ్ళు అరిగిన రంపాలు.

ఆ కుప్పల ముందు రెండు రకాల మనుషులు గొంతుక్కూర్చుని కనిపిస్తారు. ఒక రకం పనివాళ్ళు. వాళ్ళు ఉలిని చేతిలోకి తీసుకుని, అంచును బొటనవేలితో తాకి, రాతిమీద తట్టి చప్పుడు వింటారు. రెండో రకం వాళ్ళు సేకరణ చేసేవాళ్ళు. కళ్ళజోడు సవరించుకుని, తుప్పును గోటితో గీకి, అక్షరాలకోసం వెతుకుతారు. ఒకరు ఇనుమును వింటారు, ఒకరు ఇనుమును చదువుతారు. అమ్మేవాడికి ఈ తేడా బాగా తెలుసు. అందుకే అక్షరాలు లేని వస్తువును కిలోల లెక్కన తూస్తాడు. విదేశీ అక్షరాలున్న వస్తువును విడిగా పక్కన పెట్టి, కొనేవాడి చొక్కా చూసి ధర చెబుతాడు.

పనిముట్లకు సంబంధించిన చరిత్రను మనం ఇంతకాలం ఈ రెండో పద్ధతిలోనే రాస్తున్నామని నా అనుమానం. పేరున్నదానికి ధర, పేరులేనిదానికి బరువు. ఈ అనుమానం ఎలా కలిగిందో చెప్పడానికి ఒక చిన్న వస్తువుతో మొదలుపెడతాను.

ఆ సంతలో ఒకసారి నాకొక కత్తి దొరికింది. అర్ధచంద్రాకారపు రేకు, దాని వీపు మధ్యనుంచి లేచిన పొట్టి కర్రపిడి. అమ్మేవాడు దాన్ని బెల్లం కోసే కత్తి అన్నాడు. నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి, చదువుకున్నవాడే, వెనకటి నవాబుల వంటఇళ్ళలో మాంసం తరిగేదన్నాడు. నవాబు పేరు ఎత్తగానే ధర పెరిగింది. ఆ పక్కన పాత చెప్పుల కుప్పముందు కూర్చున్న ఒక ముసలాయన మాత్రం దాన్ని చేతిలోకి తీసుకుని ఒక్కసారి తిప్పి చూసి, "రంపె బిడ్డా, తోలు కోసేది" అని తిరిగి ఇచ్చేశాడు.

ఆయనకెలా తెలిసింది? ఆ ఆకారం ఆయనకు పుట్టినప్పటినుంచీ పరిచయం, అది ఒక కారణం. కాని ఆకారం తెలియనివాడు కూడా ఆ వస్తువును చూసి తెలుసుకోవచ్చు. పిడి చివర, సరిగ్గా అరచేయి ఆనేచోట, కర్ర నున్నగా గుంటపడి వుంది. కూరగాయలో మాంసమో తరిగేవాడు పిడిచుట్టూ వేళ్ళు బిగిస్తాడు. అతని పట్టు పిడి పక్కలను అరగదీస్తుందిగాని చివరను అరగదీయదు. పదునుపెట్టిన తోలును పలకమీద పరిచి, దానిపైకి వంగి, భుజం బరువంతా అరచేతిమీద వేసి ముందుకు తోసేవాడు మాత్రమే పిడి చివరను అలా అరగదీస్తాడు. నవాబుగారి వంటఇల్లు అక్కడితో కూలిపోయింది.

పాత పనిముట్టును గుర్తుపట్టడంలో వున్న కిటుకంతా ఇదే. ఆకారాన్ని నమ్మితే మోసపోతాం. ఒకే ఆకారం పది వృత్తుల్లో వుంటుంది. అరుగుదల మాత్రం అబద్ధం చెప్పదు. అది ఏ పదార్థంమీద పనిచేసింది, ఏ చేత్తో పట్టుకున్నారు, పనివాడి శరీరం ఏ భంగిమలో వుంది అనే మూడు ప్రశ్నలూ దానిని అడగాలి. తాపీ తీసుకోండి. దాని రేకు ఒక పక్క ఎక్కువ అరిగి వుంటే అది ఏ చేతివాటపు మేస్త్రీదో తెలుస్తుంది. పిడి మడమ నలిగి వుంటే, వరసలో ఇటుకను సర్దడానికి దానితోనే తట్టేవాడని తెలుస్తుంది. బాడిశె వెనకతల చిట్లి పుట్టగొడుగులా విచ్చుకుని వుంటే, ఆ వడ్రంగి సుత్తి మోసుకుపోయేవాడు కాదు, చెక్కడానికీ మేకు కొట్టడానికీ ఒకే పనిముట్టు వాడేవాడు.

ఇక రంపం. దీన్ని గురించి కాస్త ఆగి చెప్పాలి. రంపపు పళ్ళు ఒకపక్కకు వాలి వుంటాయి. ఐరోపా చేతిరంపంలో ఆ వాలు పిడికి ఎదురువైపు, అంటే ముందుకు తోసినప్పుడు కోస్తుంది. మన సంప్రదాయపు రంపంలో వాలు పిడివైపు, వెనక్కు లాగినప్పుడు కోస్తుంది. దీన్ని చూసి ఒకప్పుడు కొందరు తెల్లదొరలు "ఈ దేశంలో పనులన్నీ తలకిందులు" అని నవ్వుకున్నారు. నవ్వే ముందు వాళ్ళు పనివాడు ఎక్కడ కూర్చున్నాడో చూడవలసింది. ఐరోపా వడ్రంగి నడుమెత్తు బల్లముందు నిలబడతాడు. కొయ్యను బల్లకున్న మర పట్టుకుంటుంది. అతను తన బరువును ముందుకు వేయగలడు. మన వడ్రంగి నేలమీద కూర్చుంటాడు. కొయ్యను అతని పాదాలు, కాలివేళ్ళు పట్టుకుంటాయి. కూర్చున్నవాడి బలం లాగడంలో వుంటుంది, తోయడంలో వుండదు. పైగా లాగినప్పుడు రేకు వంగిపోదు కనుక, పలచని, తక్కువరకపు ఇనుముతో కూడా పని నడుస్తుంది. పళ్ళ వాలు ఏ పక్కకో చూస్తే బల్ల వున్న పనివాడెవడో, బల్ల లేని పనివాడెవడో తెలుస్తుంది. బల్ల ఎందుకు లేదు అనేది వేరే ప్రశ్న. ఇంటింటికీ తిరిగి, వాకిట్లో కూర్చుని పనిచేసేవాడు బల్లను ఎక్కడ పెట్టుకుంటాడు?

గుర్తుపట్టిన తర్వాత పేరు పెట్టాలి. ఇక్కడ మన తెలుగుదేశంలో చిత్రమైన ఇబ్బంది వుంది. చదువుకున్నవాడికి కత్తికి పది పర్యాయపదాలు తెలుసు. ఖడ్గం, కృపాణం, అసి అంటూ వల్లెవేస్తాడు. కమ్మరి కొలిమి దగ్గర నిలబెట్టి దాగలినీ, సమ్మెటనూ, పట్టకారునూ చూపిస్తే "ఇనప సామాను" అంటాడు. మన నిఘంటువులు చాలావరకు కావ్యాలనుంచి పదాలు ఏరుకున్నవి. కావ్యాల్లో రాజు యుద్ధం చేస్తాడు కనుక కత్తికి పర్యాయపదాలు పుట్టాయి. కర్రు సరిచేయించుకోవడానికి కమ్మరి దగ్గరకు వెళ్ళే రాజు ఏ కావ్యంలోనూ లేడు. ఈ లోటును మొదట గట్టిగా పూడ్చినది 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తిపదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వచ్చిన ఆ మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. పొలాల్లోకి వెళ్ళి, రైతుల నోటినుంచి, జిల్లా జిల్లాకూ పదాలు రాసుకున్నారు. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. ఆ పుస్తకాలను భాషాశాస్త్ర గ్రంథాలుగా మాత్రమే చూడడం మన పొరపాటు. అవి ఉత్పత్తి సాధనాల చరిత్రకు మూలపత్రాలు. గొర్రుకూ, గుంటకకూ, దంతెకూ ఒక్కో భాగానికి ఒక్కో పేరు వుందంటే, ఆ భాగం విరిగినప్పుడు దాన్ని పేరు పెట్టి అడగవలసిన అవసరం ఒకరికి వుందన్నమాట. ట్రాక్టరు వచ్చి, అరక మూలపడ్డాక, ఆ అడిగే అవసరం పోయింది. కర్ర చెద పట్టకముందే మాట చెద పడుతున్నది.

ఇప్పుడు అక్షరాలున్న వస్తువుల దగ్గరకు వద్దాం. సేకరణ చేసేవాళ్ళను వేళాకోళం చేశాను గాని, వాళ్ళ విద్య కూడా పనికిమాలినది కాదు. దాన్ని మధ్యలో ఆపెయ్యడమే తప్పు.

నా దగ్గర ఒక ఉలి వుంది. పిడి ఇక్కడి తుమ్మకర్ర. ఇనుముమీద ఒక కంపెనీ పేరు, దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో "కాస్ట్ స్టీల్" అని, ఇంకా కింద "షెఫీల్డ్, ఇంగ్లండ్" అని పోటు వేసి వుంది. ఈ మూడు పంక్తుల్లో చాలా చరిత్ర వుంది. కాస్ట్ స్టీల్ అంటే మూసలో కరిగించిన ఉక్కు. 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాలవాడు, తన గడియారపు స్ప్రింగులకు సమమైన ఉక్కు దొరకక, ఉక్కు ముక్కలను మట్టి మూసల్లో వేసి కోకు బొగ్గుమీద కరిగించే పద్ధతి కనిపెట్టాడు. షెఫీల్డు పట్టణం ఆ ఉక్కుతో ప్రపంచాన్నంతా కోసింది, చెక్కింది, గీసింది. "ఇంగ్లండ్" అన్న మాట కూడా కాలాన్ని చెబుతుంది. 1887లో బ్రిటన్‌లో సరుకుల గుర్తుల చట్టం వచ్చింది. 1890లో అమెరికా, తమ దేశానికి వచ్చే సరుకుమీద ఏ దేశంలో తయారైందో ఇంగ్లీషులో రాసి తీరాలని శాసించింది. అప్పటినుంచి ఎగుమతి సరుకుమీద దేశంపేరు మామూలయింది. అందుచేత ఊరిపేరు మాత్రమే వున్న ఉలి సాధారణంగా అంతకు ముందుది, దేశంపేరు వున్నది ఆ తర్వాతిది. బాణపు ములుకు గుర్తు వుంటే అది బ్రిటిషు ప్రభుత్వపు సొత్తు. రైలు కంపెనీ పొడి అక్షరాలుంటే వర్క్‌షాపునుంచి వచ్చింది. సికిందరాబాదు దగ్గర లాలాగూడా వర్క్‌షాపు 1893 నాటిది. నిజాం రైల్వే సామాను ఈ సంతలో కనిపించడంలో వింతలేదు.

ఇంతవరకూ సేకరణ చేసేవాళ్ళు చెబుతారు, ఇక్కడ ఆగుతారు. కంపెనీ పేరు దొరికింది, ఏళ్ళు తేలాయి, ధర కుదిరింది. కాని ఆ ఉలిని ఎవరు చేశారు? పోటు వేసిన పేరు ఎవరిది? అది అచ్చు కలిగినవాడి పేరు. చాలా సందర్భాల్లో అతను ఆ ఉలిని ముట్టుకుని కూడా వుండడు. షెఫీల్డులో పని ముక్కలు ముక్కలుగా విడిపోయి వుండేది. ఒకడు కాల్చి సాగగొట్టేవాడు, ఒకడు గట్టిపరిచేవాడు, ఒకడు సానపట్టేవాడు, ఒకడు పిడి వేసేవాడు. చాలామంది చిన్న చిన్న కొట్లలో, అద్దెకు తీసుకున్న సానరాయిమీద, ముక్కకింత చొప్పున కూలికి చేసేవారు.

అందులో సానపట్టేవాళ్ళ సంగతి వినండి. తిరిగే ఇసుకరాయి చక్రానికి ఎదురుగా గుర్రంమీద కూర్చున్నట్టు కూర్చుని, వంగి, ఇనుమును రాతికి అదిమిపట్టాలి. రాతిపొడీ ఇనుపపొడీ ఊపిరితిత్తుల్లోకి పోయేది. తడిరాయిమీద పనిచేసేవాళ్ళు కొంత మెరుగు. ఫోర్కులు, సూదులవంటివి పొడిరాయిమీద పట్టేవాళ్ళు మరీ త్వరగా చచ్చిపోయేవారు. ఎంగెల్సు 1845లో ప్రచురించిన ఇంగ్లండు శ్రామికవర్గ స్థితిగతుల గ్రంథంలో, నైట్ అనే షెఫీల్డు వైద్యుడి మాటమీద, పొడిరాయి పనివాళ్ళ సగటు ఆయుష్షు 35 ఏళ్ళు దాటడం కష్టమనీ, తడిరాయి పనివాళ్ళు 45 దాటడం అరుదనీ రాశాడు. ఆకురాయి పళ్ళు కొట్టేవాళ్ళది మరో చావు. ఆకురాయిని సీసపు దిమ్మెమీద పెట్టి, ఉలితో ఒక్కొక్క గీతే సుత్తిదెబ్బకు ఒకటి చొప్పున కొట్టేవారు. సీసం మెత్తన కనుక అప్పటికే కొట్టిన పళ్ళు చెడవు. ఆ సీసమే వేళ్ళనుంచి నోట్లోకి పోయి మణికట్లు పడిపోయేవి. పాత ఆకురాయిని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. గీతలు అచ్చుగుద్దినట్టు సమంగా వుంటే యంత్రం కొట్టినది. కొద్దిగా, కంటికి ఆనీ ఆనకుండా తేడాలుంటే చేత్తో కొట్టినది. ఆ తేడాలే కొట్టినవాడి సంతకం. అంతకుమించి అతని సంతకం ఎక్కడా లేదు.

ఈ పనివాళ్ళు వూరికే చచ్చిపోలేదు. సంఘాలు పెట్టుకున్నారు. సంఘానికి చందా కట్టనివాడి సానచక్రాన్ని తిప్పే పట్టీనో, పనిముట్లనో రాత్రివేళ ఎత్తుకుపోయి దాచేవారు. చందా కడితే తిరిగి వచ్చేవి. కోర్టులు, పోలీసులు యజమానుల పక్షాన వున్న రోజుల్లో, సంఘానికి చట్టం రక్షణ లేని రోజుల్లో, అది వాళ్ళు కనిపెట్టిన న్యాయవ్యవస్థ. అది అక్కడే ఆగలేదన్నదీ నిజమే. 1866లో ఒక రంపాల పనివాడి ఇంట్లో తుపాకిమందు పేల్చారు. 1867లో విచారణ సంఘం కూర్చుంది. రంపాలు సానపట్టేవాళ్ళ సంఘ కార్యదర్శి బ్రాడ్‌హెడ్ ఇటువంటి పనులకు డబ్బిచ్చానని ఒప్పుకున్నాడు. పత్రికలు గగ్గోలు పెట్టాయి. అయినా ఆ గొడవల తర్వాతనే, 1871లో, బ్రిటన్‌లో కార్మిక సంఘాలకు చట్టబద్ధత వచ్చింది. తుపాకిమందును నేను సమర్థించడం లేదు. కాని ఒక మాట గమనించాలి. ఆ పట్టణంలో పనివాణ్ణి శిక్షించాలంటే అతని పనిముట్టు తీసేస్తే చాలని అందరికీ తెలుసు. పనిముట్టు అంటే అంతే మరి, అది లేకపోతే ఆ రోజు కూడు లేదు. నా ఉలిమీద వున్న మూడు పంక్తుల్లో ఇదేదీ లేదు.

మట్టి మూస అనగానే మనవాళ్ళలో కొందరికి వుత్సాహం వస్తుంది. "మూసలో ఉక్కు మనది కాదా? కోనసముద్రం సంగతేమిటి?" అంటారు. అడగవలసిన ప్రశ్నే. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో, ఆ చుట్టుపక్కల గ్రామాల్లో, హంట్స్‌మన్‌కు ఎంతో ముందునుంచీ మూసిన మట్టి మూసల్లో ఉక్కు తయారయ్యేది. ఇరాను వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కుపోయేవారు. లాంబ్టన్ సర్వేతో మన ప్రాంతంలో తిరిగిన వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు వాయిసీ ఆ కొలుములను స్వయంగా చూసి రాసినది, ఆయన చనిపోయాక, 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇంగ్లండులో ఈ ఉక్కును "వూట్జ్" అన్నారు. అది మన "ఉక్కు" అన్న మాటకు, లేదా దాని కన్నడ రూపానికి, వచ్చిన అవస్థ అని పండితులు భావిస్తున్నారు. 1794లో బొంబాయినుంచి స్కాట్ అనే వైద్యుడు పంపిన దిమ్మెలను 1795లో పియర్సన్ లండను రాయల్ సొసైటీ ముందు పరీక్షించి చెప్పాడు. స్టోడార్ట్ అనే లండను కత్తులవాడు శస్త్రచికిత్స పరికరాలకు అదే మేలని ప్రకటించుకున్నాడు. విద్యుత్తుతో పేరుపొందిన ఫారడే, అంతకుముందు 1818 నుంచి కొన్నేళ్ళు అతనితో కలిసి దీని రహస్యం పట్టుకోవడానికి ఉక్కు మిశ్రమాలమీద ప్రయోగాలు చేశాడు.

ఇదంతా నిజం. దీనిమీద గర్వించడంలో తప్పూ లేదు. కాని హంట్స్‌మన్ మన విద్య దొంగిలించాడని చెప్పేవాళ్ళున్నారు. దానికి ఆధారం లేదు. ఆధారం లేని గర్వం మనకు అక్కర్లేదు. అంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి వుంది. ఆ ఉక్కుతో చేసిన కత్తులకు ప్రపంచంలో నిలిచిన పేరు డమాస్కస్. అది కొలిమి వున్న వూరు కాదు. షెఫీల్డులో కంపెనీ పేరు చేసిన పనిని ఇక్కడ బజారుపేరు చేసింది. ఇప్పుడు మనం డమాస్కస్ చెరిపి "భారతీయ ప్రతిభ" అని రాసుకుంటున్నాం. రాత్రింబవళ్ళు తిత్తులు వూదినవాడు, బొగ్గుకోసం అడవిలో చెట్టు కొట్టినవాడు, మూస మట్టి పిసికిన మనిషి ఈ మూడో పేరులో కూడా లేరు. ఆ పరిశ్రమ ఎందుకు పోయిందో కూడా ప్రతిభతో తేలే లెక్క కాదు. ఓడల్లో చవకగా విదేశీ ఇనుము దిగింది. 1856 తర్వాత బెస్సెమర్ పద్ధతిలో ఉక్కు టన్నులకొద్దీ పోతపడింది. ఖడ్గాల గిరాకీ పోయింది. మద్రాసు రాజధానిలో 1882 అటవీ చట్టంతో, ఇనుము కరిగించేవాడు బొగ్గుకోసం అడవిలో కాలు పెట్టడం నేరమయింది. విద్య మరిచిపోయినందుకు కాదు, అడవి పోయినందుకూ బజారు పోయినందుకూ కొలిమి ఆరింది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాలకు ఒక గది వుంది. జుమేరాత్ బజారుకు అదేమంత దూరం కాదు. కత్తులు అక్కడ అద్దాలవెనక, కొడవళ్ళు ఇక్కడ గోనెమీద. ఎవరిది ఏ ఇనుమో తేల్చుకోవడానికి ఆ దారిన ఒకసారి నడిచివెళితే చాలు.

పేరులేని పనిముట్టుకు పేరు ఎందుకు లేదు? చేసినవాడు అజ్ఞాని కావడంచేత కాదు. కొనేవాడికి చేసినవాడు ముఖతః తెలుసు. అందుచేత అచ్చు అవసరం లేదు. కొడవలి కక్కులు అరిగితే మళ్ళీ అతని దగ్గరకే పోవాలి. కర్రు మొద్దుబారితే అతనే కాల్చి సాగగొట్టాలి. కమ్మరి, వడ్రంగి గ్రామానికి ఆయగాళ్ళు. కళ్ళంలో వాళ్ళకు మేర ఇంత అని గింజలు కొలిచేవారు. ఇది విని కొందరికి స్వర్ణయుగం గుర్తుకు వస్తుంది. సంత లేదు, ధర లేదు, అచ్చు లేదు, అన్నదమ్ముల్లా బతికారు అంటారు. బతికినవాళ్ళను అడగాలి. కళ్ళంలో గింజలు చివరకు మిగిలితే కొలిచేవారు. తెలంగాణాలో దేశముఖుల గడీలకు వడ్రంగీ కమ్మరీ వ్యవసాయపు పనిముట్లు వూరకనే చేసి ఇవ్వాలి, బాగుచేసి ఇవ్వాలి. దాని పేరు వెట్టి. తోలుపనివాడు చెప్పులు, మోటబొక్కెన, పగ్గాలు వూరకనే కుట్టి ఇవ్వాలి. నా చేతికి వచ్చిన ఆ రంపె ఎన్ని వెట్టి చెప్పులు కోసిందో పిడి గుంట చెప్పదు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం భూమికోసమని మనం చెబుతాం. అది వెట్టికి వ్యతిరేకంగా కూడా జరిగిందనీ, అంటే ఎవడి పనిముట్టు ఎవడికోసం ఆడాలి అన్న ప్రశ్నమీద కూడా జరిగిందనీ చెప్పడం మరిచిపోతాం. రోకలి, కారం, వడిసెల ఆ రోజుల్లో ఆయుధాలు కావడం కూడా అక్కడినుంచే వచ్చింది. చేతిలో వున్నది అదే కదా.

గ్రామ కమ్మరి పనిని గుర్తుపట్టడానికి మరొక దారి వుంది. అతను కొత్త ఇనుము కొన్నవాడు కాదు, దొరికిన ఇనుమును చదివినవాడు. సంతలో కొన్న ఉలి పక్కను వెలుతురులో వాల్చి చూస్తే ఒక్కోసారి అడ్డంగా సన్నని గీతలు కనిపిస్తాయి. అది ఒకప్పుడు ఆకురాయి. పళ్ళు అరిగిపోయాక సాగగొట్టి ఉలి చేశారు. ఆకురాయిలో వున్నది మంచి ఉక్కని కమ్మరికి తెలుసు. గొడ్డళ్ళు, కొడవళ్ళు, ఇటీవలివైతే, చాలా భాగం లారీ కమాను పట్టీలే. రైలుపట్టా ముక్క దాగలి అవుతుంది. పాత గొడ్డలి అంచు దగ్గర రంగు మారే గీత కనిపిస్తే, ఒళ్ళు మెత్తటి ఇనుము, అంచు మాత్రం అతికిన ఉక్కు. ఉక్కు కరువైన కాలంలో దాన్ని ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టారు. ఆ ఉక్కు అరిగి గీత దాకా వచ్చిందంటే ఆ గొడ్డలి పనయిపోయింది. గీతకూ అంచుకూ మధ్య మిగిలిన దూరం, దాని మిగిలిన ఆయుష్షు.

ఇక్కడ మన పక్షంవాళ్ళతో కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఉత్పత్తి సాధనాలు మారితే సమాజం మారుతుందనే సూత్రాన్ని మనలో కొందరు పనిముట్టే చరిత్ర నడుపుతున్నట్టు, మనిషి దాని వెనక ఈడ్చుకుపోబడుతున్నట్టు బోధిస్తారు. మార్క్సు అలా రాయలేదు. కాపిటల్ మొదటి సంపుటంలో బర్మింగ్‌హామ్‌లో 500 రకాల సుత్తులు తయారవుతున్నాయని చెప్పినప్పుడు, ఆయన చూపినది సుత్తి మహిమ కాదు. పనిని ముక్కలు చేస్తే మనిషి ముక్కలవుతాడు, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క సుత్తి పుడుతుంది అని. శ్రమను విభజించినవాడెవడో అక్కడ ప్రశ్న. మరి మన బాడిశె? చెక్కుతుంది, మేకు కొడుతుంది, చీలుస్తుంది. అది వెనకబాటుతనమని పాఠ్యపుస్తకం అంటుంది. పనివాడు ఇంకా ముక్కలు కాలేదన్నదానికి కూడా అది గుర్తే. రెండూ నిజమే, ఒకటి చెప్పి రెండోది దాచకూడదు.

పనిముట్టు మనిషిని మారుస్తుందనేవారికి నేను సంతలో చూసిన ఒక రంపాన్ని చూపిస్తాను. రేకు షెఫీల్డుదే. కంపెనీ ముద్ర సగం మిగిలి వుంది. కాని పిడి ఎదురు చివర వుంది. రేకు వెడల్పు చివర మూడు బెజ్జాలు ఖాళీగా వున్నాయి. తెల్లవాడి పిడి వుండవలసిన చోటు అది. దాన్ని వూడదీసి, సన్నని చివరను కొంత కత్తిరించి, అక్కడ గుండ్రని దేశవాళీ పిడి దిగ్గొట్టారు. పిడి ఈ చివరనుంచి ఆ చివరకు మారితే ఏమవుతుంది? పళ్ళ వాలు పిడివైపుకు వస్తుంది. తోసే రంపం లాగే రంపం అయింది. ఏ వడ్రంగో దాన్ని కొనుక్కుని, రెండు రోజులు కుస్తీపట్టి, నిలబడి తోయడానికి తనకు బల్ల లేదని గ్రహించి, తాను బల్ల తెచ్చుకోలేదు, రంపాన్నే తిప్పుకున్నాడు. సామ్రాజ్యపు సరుకు నేలమీద కూర్చోవడం నేర్చుకుంది. అమ్మేవాడు ఆ రంపాన్ని నాకు అతి చవకగా ఇచ్చాడు. ముద్ర చెడిపోయింది కనుక సేకరణకు పనికిరాదట.

విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఈ పనికి పూనుకుంటే పెద్ద ఖర్చేమీ లేదు. ప్రతి వూళ్ళోనూ అటకమీదా పశువుల కొట్టంలోనూ ఇంకా కొంత మిగిలి వుంది. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. నాకు తెలిసిన ఒక కళాశాలలో ఇలాగే పనిముట్లు పోగుచేశారు. వార్షికోత్సవానికి ముందు వాటిని యాసిడ్‌తో కడిగి, గ్రైండరు పెట్టి, వార్నిషు పూసి, గోడకు వరసగా తగిలించారు. అద్దంలా మెరుస్తున్నాయి. కొడవలి కక్కులు పోయాయి, బాడిశె తలమీద మేకుల దెబ్బలు పోయాయి, పిడులన్నీ కొత్తవి, ఒకే కొలతవి. కింద చీటీలమీద "ప్రాచీన పనిముట్టు" అని రాశారు. ఎవరి ఇంటినుంచి వచ్చిందో, ఆ ఇంటివాళ్ళు దాన్ని ఏమనేవారో ఎవరూ రాసుకోలేదు.

కాబట్టి తుప్పును పొడిగుడ్డతో తుడిచి, కాస్త నూనె రాయండి, చాలు. ఇచ్చినవారి నోటిమాట వున్నదున్నట్టు, యాసతో సహా రాసుకోండి. ఏ చేత్తో పట్టుకునేవారో, కూర్చునా నిలబడా, ఆ పనికి గింజలు కొలిచారా, డబ్బిచ్చారా, ఏమీ ఇవ్వలేదా అడగండి. పిడిని మాత్రం మార్చవద్దు.